ముందు దమ్ము, తర్వాత బరువు

(ఒక పల్లెలో మహిళా పొదుపు సంఘాల సమావేశం జరిగింది. ఉద్యోగం నుంచి రిటైరైన ఒక ఏ.ఎన్.ఎం. అక్కడ మాట్లాడారు. ఆమె మాటలే ఈ పాఠం.)

అమ్మలారా, అక్కలారా, చెల్లెళ్లారా!

నన్ను మీరందరూ ఎరుగుదురు. మీ పిల్లలకి టీకాలు వేశాను. ఆ పిల్లల పిల్లలు ఇప్పుడు బడికి పోతున్నారు. నేను కనబడితే చాలు, చిన్నప్పుడు మంచం కింద దూరేవాళ్లు. ఈ రోజు సూది తేలేదు. భయపడకండి. ఒక కథ తెచ్చాను. అది నా కథే.

మనవడు రోడ్డెక్కిన రోజు

2018వ సంవత్సరం. సంక్రాంతి పండగ. మా అమ్మాయి పిల్లవాణ్ణి తీసుకుని పుట్టింటికొచ్చింది. మనవడికి అప్పుడు 3 ఏళ్లు. నాకు 54 ఏళ్లు. నా బరువు 76 కిలోలు. నా ఎత్తు 5 అడుగులు. అంటే ఎంత లావుగా ఉండేదాన్నో మీకు తెలుసు. మీరు చూశారు కదా!

పొద్దున్నే వాకిట్లో ముగ్గు పెడుతున్నాను. పిల్లవాడు గాలిపటం వెనక పడ్డాడు. సందులోంచి పెద్ద రోడ్డు వైపు పరుగు తీశాడు. రోడ్డు మీద లారీ వస్తోంది. నేను చూశాను. ముగ్గు గిన్నె పడేసి పరుగెత్తాను.

ఎంత దూరం పరుగెత్తాననుకున్నారు? ముప్పై అంగలు. అంతే. ఊపిరి అందలేదు. గుండె గొంతులోకి వచ్చినట్టయింది. కళ్లు చీకట్లు కమ్మాయి. గోడ పట్టుకుని నిలబడిపోయాను. కేక వేద్దామన్నా గొంతు పెగల్లేదు.

ఎదురింటి పదో తరగతి పిల్ల ఒక్క ఉరుకు ఉరికింది. పిల్లవాణ్ణి చంకనేసుకుంది. లారీ వెళ్లిపోయింది.

ఆ పిల్ల లేకపోతే? ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

ఆ రోజు నాకు ఒక సంగతి తెలిసింది. నేను ఊరందరికీ ఆరోగ్యం చెప్పేదాన్ని. నా ఒంట్లో మాత్రం ముప్పై అంగల దమ్ము లేదు.

దమ్ము అంటే ఏమిటి?

మనం మెట్లెక్కుతాం. నీళ్ల బిందె మోస్తాం. బస్సు కోసం పరుగెత్తుతాం. అప్పుడు కాళ్లలోని కండలు గట్టిగా పని చేస్తాయి. పని చేసే కండకి ప్రాణవాయువు కావాలి. ఊపిరితిత్తులు గాలిలోంచి ప్రాణవాయువును తీసుకుంటాయి. రక్తం దాన్ని మోస్తుంది. గుండె ఆ రక్తాన్ని కండల దాకా తోస్తుంది. మోటారు నీళ్లను పొలానికి తోసినట్టే.

ఈ మూడూ సరిగ్గా జరిగితే మనకి దమ్ము ఉన్నట్టు. ఎక్కడ కొరత పడినా ఆయాసం వస్తుంది.

ఒంట్లో బరువు పెరిగితే ఏమవుతుంది? అదే మోటారు ఎక్కువ పొలానికి నీళ్లు పెట్టాలి. పైగా మనం కదలకుండా కూర్చుంటే మోటారు బలం కూడా తగ్గుతుంది. అందుకే లావైనవాళ్లకి నాలుగు మెట్లెక్కితే రొప్పు వస్తుంది.

ఇది నా ఒక్కదాని కథ కాదు. 2019 నుంచి 2021 వరకు దేశమంతా కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. ఆ లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 100 మంది ఆడవాళ్లలో 36 మంది ఉండవలసిన దాని కంటే ఎక్కువ బరువున్నారు. తెలంగాణలో 30 మంది. మనం ఇక్కడ యాభై మందిమి ఉన్నాం. పక్కవాళ్ల వైపు చూడకండి. ఎవరి సంగతి వాళ్లకి తెలుసు!

"మేం రోజంతా పని చేస్తూనే ఉన్నాం కదా!"

ఈ మాట మీరు అడుగుతారని నాకు తెలుసు. నిజమే. ఆడదానికి పొద్దున లేచింది మొదలు పనే. మన నడుము విరుగుతుంది. కాళ్లు పీకుతాయి. అయినా దమ్ము పెరగడం లేదు. ఎందుకని?

మన అమ్మలు వడ్లు దంచారు. రుబ్బురోలు తిప్పారు. నూతిలోంచి నీళ్లు తోడారు. మైళ్లు నడిచి పుల్లలు తెచ్చారు. ఇప్పుడు మిల్లు వచ్చింది. గ్రైండరు వచ్చింది. ఇంటి ముందు కుళాయి వచ్చింది. గ్యాసు పొయ్యి వచ్చింది. మంచిదే. ఆ చాకిరీ మళ్లీ రావాలని నేననను. కాని ఆ పనుల్లో గుండె గట్టిగా కొట్టుకునేది. ఇప్పటి పనుల్లో ఒళ్లు అలిసిపోతుంది, గుండెకి మాత్రం పని తక్కువ. అంట్లు తోమేటప్పుడు ఎవరైనా రొప్పుతారా?

పొలంలో నాట్లు వేసే అక్కలు, మోత మోసే అక్కలు వేరు. వాళ్ల గుండెకి పని ఉంది. వాళ్లకి కావలసింది విశ్రాంతి, మంచి తిండి. నేను చెప్పేది ఇంట్లో, కొట్లో, మిషను దగ్గర, ఆఫీసులో కూర్చుని ఉండే మనబోటి వాళ్లకి.

"సరే నర్సమ్మా, రోజూ గంట నడవమంటారు. గంట ఎక్కడ దొరుకుతుంది?" ఇది మీ రెండో మాట. ఇదీ నిజమే. నేను ముప్పై ఏళ్లు అందరికీ "రోజూ నడవండమ్మా" అని చెప్పాను. ఎంతమంది నడిచారు? వేళ్ల మీద లెక్క పెట్టవచ్చు. తప్పు మీది కాదు. గంట తీరిక లేనివాళ్లకి గంట పని చెప్పాను.

ఈ రోజు గంట చెప్పను. పది నిమిషాలు చెప్తాను. ఆ పది నిమిషాల్లో కూడా కష్టపడేది ఒక్క నిమిషమే.

నవ్వుతున్నారా? వినండి.

మెట్లెక్కిన ఆడపిల్లలు

కెనడా అనే దేశం ఉంది. అక్కడ హామిల్టన్ అనే ఊళ్లో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం ఉంది. 2017లో అక్కడివాళ్లు ఒక పరిశోధన ఫలితం చెప్పారు. వ్యాయామం అలవాటు లేని యువతులు అందులో పాల్గొన్నారు. వాళ్లకి మిషన్లు ఇవ్వలేదు. మెట్లు చూపించారు.

వాళ్లు ఏం చేశారు?

ముందు 2 నిమిషాలు మెల్లగా కదిలారు. తర్వాత 20 సెకన్లు గబగబా మెట్లెక్కారు. తర్వాత 2 నిమిషాలు మెల్లగా నడిచారు. ఇలా 3 సార్లు ఎక్కారు. చివర 3 నిమిషాలు మెల్లగా తిరిగారు. మొత్తం 10 నిమిషాలు. గట్టిగా కష్టపడింది 3 సార్లు 20 సెకన్లు. అంటే 60 సెకన్లు. ఒక్క నిమిషం!

వారానికి 3 రోజులు, 6 వారాలు చేశారు. తర్వాత వాళ్ల దమ్మును మిషను మీద కొలిచారు. 100 ఉన్న దమ్ము 112 అయింది.

"వాళ్లు పడుచు పిల్లలు, లావు లేనివాళ్లు. మా సంగతేమిటి?" అంటారా? అక్కడే 2013లో ఇంకో పరీక్ష చేశారు. ఈసారి పాల్గొన్నది బరువు ఎక్కువున్న 16 మంది ఆడవాళ్లు. వాళ్లు కదలని సైకిలు తొక్కారు. ఒక నిమిషం గట్టిగా, ఒక నిమిషం మెల్లగా. ఇలా 10 సార్లు. వారానికి 3 రోజులు, 6 వారాలు. వాళ్ల బరువు దాదాపు అంతే ఉంది. కాని లోపల మార్పు వచ్చింది. పొట్ట దగ్గర, కాళ్ల దగ్గర కొవ్వు కొంత తగ్గింది. కాళ్లలో కండ పెరిగింది. ఆ కండకి ప్రాణవాయువును వాడుకునే శక్తి పెరిగింది.

ఇంకో సంగతి కూడా తేలింది. సగం మంది తిని చేశారు, సగం మంది తినకుండా చేశారు. ఇద్దరికీ లాభం ఒక్కటే. కాబట్టి కడుపు మాడ్చుకుని చేయనక్కరలేదు.

మరి పెద్ద వయసు వాళ్లకి? జపాన్‌లో మత్సుమోతో అనే ఊరుంది. అక్కడ 2007లో ఒక ఫలితం చెప్పారు. పాల్గొన్నవాళ్ల సగటు వయసు 63 ఏళ్లు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. వాళ్లు 3 నిమిషాలు వడిగా, 3 నిమిషాలు మెల్లగా నడిచారు. ఇలా 5 సార్లు. వారానికి 4 రోజులు, 5 నెలలు. ఒకే తీరుగా నడిచినవాళ్ల కంటే వీళ్లకి తొడల బలం, దమ్ము ఎక్కువ పెరిగాయి. బి.పి. కూడా ఎక్కువ తగ్గింది.

చూశారా? ఎంతసేపు చేశాం అన్నదొక్కటే లెక్క కాదు. గుండెకి కాసేపు గట్టి పని చెప్పామా లేదా అన్నదీ లెక్కే.

ఎందుకు ఇలా జరుగుతుంది? మన కండల లోపల కంటికి కనబడని చిన్న చిన్న పొయ్యిలు ఉంటాయి. అవి ప్రాణవాయువుతో తిండిని మండించి శక్తి తీస్తాయి. గట్టి పని పడ్డప్పుడు ఒంటికి కబురు అందుతుంది. "ఈ పొయ్యిలు చాలవు, ఇంకా కావాలి" అని. అప్పుడు ఒళ్లు కొత్త పొయ్యిలు పెట్టుకుంటుంది. గుండె కూడా ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం తోయడం నేర్చుకుంటుంది. తర్వాత అవే మెట్లు తేలిగ్గా ఉంటాయి.

నేను ఎలా మొదలుపెట్టాను?

లారీ సంగతి చెప్పాను కదా. ఆ మర్నాడే పరుగెత్తలేదు. ముందు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. బి.పి. చూసింది. 150కి 96 ఉంది. రక్తం చూసింది. 9.8 గ్రాములే ఉంది. ఆడవాళ్లకి 12 గ్రాములు ఉండాలి.

నేను తెల్లబోయాను. ఇంత లావుగా ఉన్నాను, రక్తం తక్కువా? అవును. లావుగా ఉన్నంత మాత్రాన రక్తం ఉన్నట్టు కాదు. ఇందాకటి సర్వేలోనే ఇంకో లెక్క ఉంది. మన రెండు రాష్ట్రాల్లోనూ 100 మందిలో సుమారు 58, 59 మంది ఆడవాళ్లకి రక్తం తక్కువ. ప్రాణవాయువును మోసేదే రక్తం. అది తక్కువైతే ఆయాసం రాక ఏమవుతుంది?

డాక్టరమ్మ అంది: "ముందు రక్తం పెంచుకో. బి.పి. అదుపులోకి తెచ్చుకో. అప్పటిదాకా మామూలు నడక చాలు."

3 నెలలు ఐరన్ మాత్రలు మింగాను. ఆకుకూర తిన్నాను. బి.పి. మాత్ర వేసుకున్నాను. మెల్లగా నడిచాను. తర్వాత అసలు పని మొదలుపెట్టాను.

నా దగ్గర గడియారం చూసుకునే ఓపిక లేదు. అందుకని కరెంటు స్తంభాలు లెక్క పెట్టుకున్నాను. ఒక స్తంభం నుంచి రెండో స్తంభం దాకా వడిగా నడవడం. తర్వాత రెండు స్తంభాల దూరం మెల్లగా నడవడం. మళ్లీ వడిగా. ఇలా 5 సార్లు.

మొదటి రోజు రచ్చబండ మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. "నర్సమ్మ ఎవరినో తరుముకుపోతోందిరా!" అన్నారు. నాకు సిగ్గేసింది. వారం రోజులు ఇల్లు కదల్లేదు. సూదికి ఏడ్చే పిల్లలకి ధైర్యం చెప్పేదాన్ని. నవ్వుకి భయపడి ఇంట్లో కూర్చున్నాను.

మా వదిన వచ్చి అడిగింది, "ఏమిటే, మానేశావా?" అని. సంగతి చెప్పాను. "నేనూ వస్తా పద. చూద్దాం ఎవరు నవ్వుతారో" అంది. ఇద్దరమయ్యాం. పక్కింటి కోడలు వచ్చింది. ముగ్గురమయ్యాం. కుట్టుమిషను అక్క వచ్చింది. నలుగురమయ్యాం. ఒకర్ని చూసి నవ్వినవాళ్లు నలుగుర్ని చూసి నవ్వలేదు. పక్కకి జరిగి దారిచ్చారు.

రెండు నెలలయ్యాక బడి మేడమెట్లు పట్టాం. ఆరు నెలలు గడిచాయి. తూకం మిషను ఎక్కాను. 76 కిలోలు పోయి 74 అయింది. అంతే! మా వదిన "ఇంత కష్టానికి రెండు కిలోలేనా?" అంది. నాకూ ఉసూరుమనిపించింది.

అప్పుడు టేపు తీసి నడుము కొలిచాను. 98 సెంటీమీటర్లు ఉండేది. 93 అయింది. నాడి చూసుకున్నాను. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 88 సార్లు కొట్టుకునేది. 78 అయింది. బడి మెట్లు ముందు మధ్యలో ఆగి ఎక్కేదాన్ని. ఇప్పుడు ఆగకుండా ఎక్కి పైన నిలబడి మాట్లాడుతున్నాను.

తూకం మిషను నాకు 2 కిలోలే చూపించింది. మిగతాది అది చూపించలేదు. అందుకే చెప్తున్నాను. తూకం ఒక్కటే చూసుకుని దిగులు పడకండి. పది నిమిషాల్లో ఖర్చయ్యే శక్తి ఒక కప్పు తీపి టీతో తిరిగి వచ్చేస్తుంది. బరువు తగ్గాలంటే కంచం వైపు కూడా చూడాలి. అన్నం కాస్త తగ్గించాలి. పప్పు, కూర, ఆకుకూర పెంచాలి. నూనె, చక్కెర తగ్గించాలి. అది నెమ్మదిగా జరిగే పని. దమ్ము మాత్రం ఆరు వారాల్లోనే పెరగడం మొదలుపెడుతుంది. లావుగా ఉన్నా దమ్ము ఉన్నవాళ్లకి, సన్నగా ఉండి దమ్ము లేనివాళ్ల కంటే ముప్పు తక్కువని చాలా పరిశోధనల్లో కనబడింది.

ముందు ఎవరు డాక్టరును అడగాలి?

ఈ మాట జాగ్రత్తగా వినండి. గట్టి వ్యాయామం మందు లాంటిది. అందరికీ ఒకే మోతాదు పనికిరాదు. కింద చెప్పినవాళ్లు డాక్టరుకు చూపించుకోకుండా మొదలుపెట్టకూడదు.

గుండె జబ్బు ఉన్నవాళ్లు. నడిస్తే రొమ్ములో నొప్పి, బిగువు వచ్చేవాళ్లు.

బి.పి. అదుపులో లేనివాళ్లు. షుగరుకు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు.

రక్తం బాగా తక్కువున్నవాళ్లు.

గర్భిణులు. కొత్తగా కానుపు అయినవాళ్లు. కడుపు ఆపరేషను అయినవాళ్లు.

మోకాళ్ల నొప్పి బాగా ఉన్నవాళ్లు.

నలభై దాటి, ఇన్నాళ్లూ ఏ కదలికా లేనివాళ్లు కూడా ఒకసారి బి.పి., షుగరు, రక్తం చూపించుకోండి. ఆరోగ్య ఉపకేంద్రంలో చూస్తారు.

షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు పరగడుపున చేయకండి. కొంగున ఒక బెల్లం ముక్క కట్టుకోండి. చెమట పట్టి, ఒళ్లు వణికితే వెంటనే నోట్లో వేసుకోండి.

ఎలా చేయాలి?

మొదటి మెట్టు: రెండు వారాలు మామూలు నడక. రోజూ 10, 15 నిమిషాలు. ఒళ్లు అలవాటు పడాలి.

రెండో మెట్టు: స్తంభాల నడక. ఒక నిమిషం వడిగా, రెండు నిమిషాలు మెల్లగా. 5 సార్లు. వారానికి 3 రోజులు. మధ్యలో ఒక్కో రోజు విరామం. అలవాటయ్యాక జపాన్ వాళ్ల లాగా 3 నిమిషాలు వడిగా, 3 నిమిషాలు మెల్లగా నడవండి. పెద్ద వయసు వాళ్లు ఇక్కడే ఆగిపోయినా చాలు. ఇది తక్కువ పనేమీ కాదు.

మూడో మెట్టు: మేడమెట్లు. రెండు నెలల తర్వాత. 2 నిమిషాలు మెల్లగా నడవండి. 20 సెకన్లు గబగబా ఎక్కండి. మెల్లగా దిగండి. 2 నిమిషాలు తిరగండి. ఇలా 3 సార్లు. చివర 3 నిమిషాలు మెల్లగా నడవండి. గట్టిగా చేసి టక్కున కూర్చోకండి. కళ్లు తిరుగుతాయి.

వడి ఎంత ఉండాలి? దానికి మిషను అక్కర్లేదు. మీ నోరే మిషను. నడుస్తూ పాట పాడగలిగితే అది మెల్లటి నడక. మాట్లాడగలరు కాని పాడలేరు, అది మధ్యరకం. రెండు మూడు మాటల కంటే ఎక్కువ రావడం లేదు, అది గట్టి వడి. ఆ 20 సెకన్లలో అలా ఉండాలి. మొదటి రోజుల్లో అంత వద్దు. మధ్యరకంతో మొదలుపెట్టండి.

మెట్ల మీద ఒక్కో మెట్టే ఎక్కండి. ఎగిరి రెండు మెట్లు దాటకండి. ఒక చెయ్యి కమ్మీ మీద ఉండాలి. దిగేటప్పుడే ఎక్కువ జాగ్రత్త. తడి మెట్ల మీద వద్దు. జారుడు చెప్పులు వద్దు. వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి. కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోండి. కొంగు నడుముకు బిగించండి.

మోకాళ్లు నొప్పిగా ఉన్నవాళ్లు మెట్ల జోలికి పోకండి. గట్టి కుర్చీ ఒకటి గోడకి ఆనించండి. లేవండి, కూర్చోండి, మళ్లీ లేవండి. 20 సెకన్లు. తర్వాత రెండు నిమిషాలు విరామం. మోకాలు మొరాయిస్తే ఆపేయండి.

చేస్తుంటే రొమ్ములో నొప్పి, బరువు అనిపించినా, చెయ్యి, దవడ లాగినా, కళ్లు తిరిగినా, గుండె తప్పి కొట్టుకున్నా అక్కడే ఆపి కూర్చోండి. తగ్గకపోతే 108కి ఫోను చేయించండి. సిగ్గుపడి దాచుకోకండి.

మీరు అడిగినవి

అదుగో, వెనక కూర్చున్న అక్క అడుగుతోంది. "పది నిమిషాలు కూడా ఒక్కసారిగా దొరకదు. ఎలా?" అని.

మంచి ప్రశ్న. బ్రిటన్‌లో వ్యాయామం చేయని సుమారు 25 వేల మంది చేతులకి చిన్న మిషన్లు కట్టి చూశారు. 2022లో ఫలితం చెప్పారు. మామూలు పనుల్లోనే రోజుకి మూడు సార్లు, ఒకటి రెండు నిమిషాలు గట్టిగా కదిలినవాళ్లున్నారు. బరువు మోయడం, మెట్లెక్కడం, బస్సుకి వడిగా నడవడం, ఇలాంటివే. అసలు అలా కదలనివాళ్ల కంటే వీళ్లలో చావులు తక్కువగా కనబడ్డాయి. దీన్నిబట్టే అన్నీ తేలిపోయాయని అనలేం. కాని దారి మాత్రం తెలిసింది. కొట్టుకి వెళ్తున్నారా? సగం దూరం వడిగా వెళ్లండి. నీళ్ల బిందె తెస్తున్నారా? అదీ లెక్కే.

ఈ చెల్లి అడుగుతోంది. "మా అత్త ఒప్పుకోదు. ఆడది రోడ్డు మీద పరుగులేమిటంటుంది" అని. చెల్లీ, అత్తనే ముందు తీసుకురా. ఆవిడకీ మోకాళ్లు బిగుసుకున్నాయి, ఆయాసం ఉంది. మెల్లటి నడకలో నువ్వు ఆవిడ పక్కన నడువు. ఆవిడ అరుగు మీద కూర్చున్నప్పుడు నువ్వు వడిగా రెండు స్తంభాలు తిరిగి రా.

మీ పుస్తకంలో రాసుకోండి

మీరు రాత్రిపూట కూర్చుని అంకెలు నేర్చుకున్నారు. ఆ అంకెలు పొదుపు లెక్కకే కాదు, ఒంటి లెక్కకి కూడా పనికొస్తాయి. ఇప్పుడే ఒక పని చేద్దాం. ఎడమ చెయ్యి చాపండి. బొటనవేలి కింద, మణికట్టు దగ్గర, కుడిచేతి రెండు వేళ్లు ఆనించండి. టక్ టక్ మంటోందా? అదే నాడి. నేను గడియారం చూస్తాను. 30 సెకన్లు లెక్క పెట్టండి. దాన్ని రెట్టింపు చేయండి. మామూలుగా కూర్చున్నప్పుడు 60 నుంచి 100 లోపు ఉండాలి.

వచ్చిందా? రాయండి. తేదీ రాయండి. నాడి రాయండి. నడుము చుట్టుకొలత రాయండి. ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. ఎన్ని మెట్లు ఆగకుండా ఎక్కగలరో రాయండి. బరువు చివర రాయండి. 6 వారాల తర్వాత మళ్లీ ఇవే రాయండి. రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూడండి. నా మాట నమ్మనక్కరలేదు. మీ చేతిరాతే మీకు చెప్తుంది.

నా మనవడు ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. సెలవులకి వస్తే మేమిద్దరం మెట్ల మీద పందెం వేస్తాం. వాడే గెలుస్తాడు. గెలవనివ్వండి. నేను పైదాకా వెళ్తున్నాను, అది చాలు.

మన ఇంట్లో ఎవరికి ఏ ఆపద వచ్చినా ముందు పరుగెత్తేది మనమే. ఆ పరుగుకి దమ్ము కూడబెట్టుకోవాలి. నెల నెలా పొదుపు కడుతున్నాం కదా, ఇదీ ఒక పొదుపే. వారానికి మూడు రోజులు, పది నిమిషాలు.

రేపు పొద్దున ఆరు గంటలకి బడి దగ్గర ఉంటాను. మొదటి రెండు వారాలు మెల్లటి నడకే. రాగలిగినవాళ్లు రండి. పక్కింటామెను వెంటబెట్టుకు రండి.

సెలవు. నమస్కారం.

చదివారు కదా! ఇప్పుడు చెప్పండి

1. నర్సమ్మ ముప్పై అంగలకే ఎందుకు ఆగిపోయింది?

2. లావుగా ఉన్నవాళ్లకి రక్తం తక్కువ ఉండవచ్చా?

3. వడి ఎంత ఉందో మాటను బట్టి ఎలా తెలుసుకుంటారు?

4. మీ ఇంట్లో ముందుగా డాక్టరును అడగవలసినవాళ్లు ఎవరు?

5. మీ నాడి, నడుము కొలత, ఎక్కగలిగిన మెట్లు మీ పుస్తకంలో రాయండి. పక్కన తేదీ వేయండి.